పన్నెండు గ్రాముల ములికి

నా మీద పెండనీళ్లు పడ్డ రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు వేసుకున్న చొక్కా కూడా గుర్తు. లేత నీలం రంగుది, జనగామలో కొలతలిచ్చి కుట్టించుకున్నది. ఎడమ జేబు దగ్గర మరక ఇంతవరకు పోలేదు. నేను పోనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. మా ఇంటామె రెండుసార్లు ఆ చొక్కాను మసిగుడ్డ చేయబోతే, రెండుసార్లూ లాక్కొని బీరువాలో పెట్టాను. రుజువును ఎవరైనా మసిగుడ్డ చేస్తారా?

అప్పుడు నేను భూపాలపల్లిలో ఒక బొగ్గు గని స్టోర్‌లో క్లర్కును. నట్లు, బోల్టులు, బేరింగులు తూచి, సంతకం తీసుకొని ఇవ్వడం నా పని. ఒకే సైజు బోల్టుల్లో ఒకటి అర గ్రాము తక్కువ తూగితే దాన్ని పక్కన పెట్టి, పంపినవాళ్లకు ఉత్తరం రాసేవాణ్ని. ఉత్తరాలు రాయడం నాకు ఇష్టం. జవాబు రాకపోతే మరీ ఇష్టం. జవాబు రాలేదని ఇంకొకటి రాయవచ్చు.

రాష్ట్రం ఇస్తామన్న మాట వచ్చి, కొద్దిరోజుల్లోనే వెనక్కి పోయిన కాలం అది. రోడ్డు పక్కన గుడారం వేసుకొని వంతులవారీగా నిరాహార దీక్షలు చేసేవాళ్లం. పొద్దున కూర్చుంటే సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. నేను నాలుగుసార్లు కూర్చున్నాను. ఒకసారి పేపర్లో ఫోటో పడింది. అందులో నా మోచేయి మాత్రమే వచ్చింది. అది నా మోచేయేనని నమ్మించడానికి ఇంట్లో చేతి గడియారం చూపించి సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది.

గుడారంలో నా పక్కన కూర్చునే ఆయన గనిలో బొగ్గు కోసేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవాడు. వాళ్లది కాటారం అవతల అడవి అంచున ఒక గూడెం. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, నాతో తెలుగు. ఎండాకాలం చివర ఒకరోజు నిమ్మరసం గ్లాసు చేతిలో పట్టుకొని, "సారూ, మా భూమి పండుగకు రారాదు" అన్నాడు.

విత్తనాలు చల్లే ముందు చేసే పండుగ అది. ఆ ఒక్కరోజు మొగవాళ్లంతా విల్లు బాణాలు పట్టుకొని అడవికి పోతారు. ఏదన్నా కొట్టుకొస్తే డప్పులతో ఎదురొస్తారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లో కాపు కాసి పేడ కలిపిన నీళ్లు, అవే పెండనీళ్లు, పోస్తారు. వేట నేరమని వాళ్లకూ తెలుసు. చెప్పాలంటే ఆ వేటలో వేట కన్నా నడకే ఎక్కువ. పెండనీళ్లు మాత్రం దాదాపు ప్రతి ఏడూ ఉంటాయట. ఆ సంగతి అన్న నాకు ముందు చెప్పలేదు. ఇది నా మొదటి ఫిర్యాదు.

రెండోది, నన్ను వరుసలో అందరికన్నా చివర నిలబెట్టారు. వేటకు పెద్దగా ఉండేది అన్న వాళ్ల నాయినే. పలుచటి మనిషి, మాట తక్కువ. వాళ్లతో పాటు నేనూ ఆయన్ని బాపూ అనేవాణ్ని. ఆయన నాకు ఒక విల్లు, మూడు బాణాలు ఇచ్చి, ముందురోజు పశువుల కొట్టం వెనక గంటసేపు నేర్పాడు. మధ్యాహ్నం ఒక చెవులపిల్లి, అదే కుందేలు, ఎటు నుంచో వచ్చి, సరిగ్గా వరుస చివర, నా ముందే ఆగింది. కొట్టాను. బాణం దాని వీపు మీదుగా, బెత్తెడు ఎత్తులో పోయింది. చెవులపిల్లి చెవులు కూడా వంచలేదు.

సాయంత్రం ఊరి మొదట్లో పెండనీళ్లు. అందరి మీదా పోశారు, నిజమే. కానీ నా మీద పోసినప్పుడు నవ్వు ఎక్కువ వచ్చింది. పోసింది అన్న వాళ్ల అమ్మ, బాపు భార్య; నేను అవ్వా అనేవాణ్ని. ఆమె చెంబు ఎత్తుతూ, "సారుకు జర మంచిగ పొయ్యాలె, దూరం కెల్లి వచ్చిండు" అంది. ఆ మాట నేను ఇప్పటికీ ఆమె గొంతులోనే వినగలను.

తెల్లారి బయల్దేరేటప్పుడు బాపు ఆ మూడు బాణాలు నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో బిడ్డా, నీయే" అన్నాడు. ఇంకెవరైనా అయితే కానుక అనుకునేవాళ్లు. నేను స్టోర్‌కు తీసుకుపోయాను. ములికి అంటే బాణం కొసకు ఉండే ఇనుప మొన. మూడు వెదురు గడల నుంచి మూడు ములుకులూ ఊడదీసి, చిన్న వస్తువులు తూచే కాంటా మీద పెట్టాను. ఒకటి ఎనిమిది గ్రాములు. ఒకటి పదకొండు. ఒకటి పద్నాలుగు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తప్పు నా చేతిది కాదు. నాకు కావాలనే తలా తోకా లేని సామాను అంటగట్టారు. ఒక్కో ములికిని చిన్న కాగితంలో చుట్టి, పైన బరువు రాసి, ప్లాస్టిక్ సంచిలో వేశాను. మిగిలిన గడలు దేనికి? పొయ్యిలో పెట్టాను. చాయ్ తొందరగా కాగింది.

మరుసటి దీక్షలో అన్నను నిలదీశాను.

"అన్నా, మీ నాయిన నాకు మూడు బాణాలు మూడు తీర్ల బరువుతోని ఇచ్చిండు."

"అట్లనా సారూ?"

"అట్లనే. ఎనిమిది, పదకొండు, పద్నాలుగు. తూచి చూసిన."

"మా నాయిన జిందగీల తరాజు పట్టలే సారూ."

"నేననేది గూడ గదే."

అన్న నా ముఖం కాసేపు చూసి, "ఆకలైతున్నదా సారూ?" అన్నాడు.

ఆ ఏడాదంతా నేను ములికి బరువు గురించే ఆలోచించాను. తిరిగి ఆ గూడేనికి పోవాలి, మళ్లీ వేటకు పోవాలి, ఆ అవ్వ ముందు నుంచే పొడి చొక్కాతో, డప్పుల మధ్య నడిచి రావాలి. అంతకన్నా నాకు వేరే కోరిక లేదు. రాష్ట్రం కావాలి, అది అందరితో పాటు. ఇది నాకొక్కడికే కావాల్సింది.

తేలిక ములికి అయితే బాణం దూరం పోతుంది, వంగకుండా పోతుంది. కానీ తగిలినా గట్టిగా దిగదు, గాలి వస్తే పక్కకు జరుగుతుంది. బరువు ములికి అయితే లోతుగా దిగుతుంది, కానీ ముక్కు ముందే కిందికి వాలుతుంది. నిరుడు నా బాణం పైనుంచి పోయింది కాబట్టి, ములికి తేలికైందని తేల్చాను. మరి ఎంత బరువు పెంచాలి? ఈ ప్రశ్నను గుడారంలో పెట్టాను. దీక్షలో కూర్చున్నవాళ్లకు తిండి గురించి తప్ప దేని గురించి మాట్లాడమన్నా ఇష్టమే. తొమ్మిది చాలన్నవాళ్లున్నారు. ఇరవై ఉంటే గాని పంది తోలు దిగదని వాదించి, మైకు కూడా అడిగినవాళ్లున్నారు. ఆ గుడారంలో రాష్ట్రం ఎప్పుడొస్తుందన్న ప్రశ్న తర్వాత ఎక్కువ కాలం నడిచిన చర్చ అదే. తేలని చర్చ కూడా.

చివరికి నేనే లెక్క కట్టాను. ఎనిమిది, పదకొండు, పద్నాలుగుకు సగటు పదకొండు. దానికి ఒక గ్రాము కలిపాను. ఆ గ్రాము దేనికని ఎవరూ అడగలేదు గాని, అది అవమానానికి. మొత్తం పన్నెండు. పన్నెండు ములుకులు, ఒక్కొక్కటి పన్నెండు గ్రాములు, వెంట్రుక వాసి తేడా ఉండొద్దు.

మాది కమ్మరి ఇల్లు. జనగామలో మా నాయిన తమ్ముడు, మా చిన్నబాపు కొలిమి ఇంకా నడుస్తుండేది. చిన్నప్పుడు ఆయన నాకు సుత్తె ఇచ్చి, రెండు దెబ్బలు చూసి, "నువ్వు సదువుకోరా" అన్నాడు. మా నాయిన దాన్ని ఆశీర్వాదం అనుకున్నాడు. నేను అనుకోలేదు. ఆ చిన్నబాపు దగ్గరికే కాగితం మీద బొమ్మ గీసుకొని పోయాను. ఆకు ఆకారం, పొడవు, వెడల్పు, గడలోకి దిగే తోక, అన్నీ గీతలతో. ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూశాడు.

"లారీ కమాను పట్టీ ముక్కతోని చేస్త. బరువు మాత్రం నేను చెప్పలేను."

"పన్నెండు గ్రాములే ఉండాలె చిన్నబాపూ."

"కొడుకా, ఇది ఇనుము. దెబ్బకింత రాలుతది. గడ తెచ్చినవా? గడను చూసి కొడుతరు ములికి."

"గడ తర్వాత. ముందు ములికి."

"మరి బంగారమోలె తూచుకుంట కూసుంటవా?"

ఆయన ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం దారి దొరికింది. ఆయన చేసిచ్చిన పన్నెండూ పదమూడు గ్రాములకు అటూ ఇటూగా ఉన్నాయి. మూటగట్టుకొని మహబూబాబాద్ రైలెక్కాను. మా బామ్మర్దిది అక్కడ బంగారం పని.

పెళ్లిళ్ల రోజులు. దుకాణం నిండా ఆడవాళ్లు. నేను మూట విప్పి, అద్దాల బల్ల మీద, గాజుల పక్కన పన్నెండు ఇనుప ములుకులు పోశాను. ఒకామె తన పుస్తెలతాడును మెల్లగా దగ్గరికి లాక్కుంది.

"ఏంది బావా ఇవి?" అన్నాడు బామ్మర్ది.

"ఆకురాయి పెట్టి ఒక్కొక్కటి పన్నెండు గ్రాములకు తే."

"దేనికి బావా?"

"పెండనీళ్లు పడకుంట."

వాడు ఆకురాయి తీశాడు. మా సంబంధం కుదిరినప్పటి నుంచి వాడు నన్ను ఎక్కువ అడగడు. మూడు గంటలు కూర్చొని, కొంచెం కొంచెంగా అరగదీశాడు. నేను పక్కన నిలబడి తరాజు ముల్లు చూశాను. చివరిది సరిగ్గా తూగగానే వాడు దాన్ని కండ్ల దగ్గర పెట్టుకొని, "బావా, హాల్‌మార్క్ గూడ ఎయ్యాల్నా?" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. పుస్తెలతాడు ఆమె కూడా నవ్వింది. బరువు సరిచూసినట్టు ఒక చిట్టీ రాసివ్వమని అడిగాను. రాసిచ్చాడు. ఆ నవ్వును కూడా నేను రాసి పెట్టుకున్నాను, వేరేచోట.

తిరిగి భూపాలపల్లి వచ్చే రోజు బంద్. హన్మకొండ దాకా ఎట్లాగో వచ్చి, అక్కడి నుంచి ములుగు మీదుగా పోయే ఒకే ఒక్క బస్సు ఎక్కాను. ఘనపూర్ దగ్గర పోలీసులు ఆపారు. వెనక సీట్లో పిల్లలు జై తెలంగాణ అని అరిచారు. వాళ్లను దింపి వ్యాన్ ఎక్కించారు. తర్వాత సంచులు వెతకడం మొదలుపెట్టారు. ఒక కానిస్టేబుల్ నా సంచిలో చెయ్యి పెట్టి, వెంటనే తీసి, వేలు చీకుతూ, "ఏందివి?" అన్నాడు.

"బాణం ములుకులు."

బస్సంతా నా వైపు తిరిగింది. ఎన్నాళ్లకో నన్ను అందరూ చూస్తున్నారు. నిటారుగా నిలబడ్డాను. ఉద్యమంలో అరెస్టయిన క్లర్కు. పేపర్లో ఈసారి ముఖం వస్తుంది.

"విల్లేది?" అన్నాడు కానిస్టేబుల్.

"విల్లు లేదు. కాటారం అవుతల ఉంది."

"మరి గీ చిట్టీ ఏంది?"

"ఒక్కొక్కటి పన్నెండు గ్రాములని బంగారం దుకాణంల రాసిచ్చిండ్రు."

ఆయన చిట్టీ చదివాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. మూట కట్టి, జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "కూసో సారూ. వీటితోని రాష్ట్రం రాదు, పోదు."

పిల్లలు ఉత్త గొంతుతో వ్యాన్ ఎక్కారు. నేను పన్నెండు ఆయుధాలతో సీట్లో కూర్చున్నాను. ఆ కానిస్టేబుల్ మీద ఉత్తరం రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. అరెస్టు చేయలేదని ఎవరికి రాయాలో తెలియక ఆగిపోయాను.

పండుగకు రెండు రోజుల ముందే గూడేనికి చేరాను. ములుకులు చూసి బాపు ముచ్చటపడ్డాడు. ఒక్కొక్కటి తీసి గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచి ఇనుము" అన్నాడు. లోపలి నుంచి పన్నెండు వెదురు గడలు తెచ్చి పరిచాడు. ఒక గడను రెండు చేతులతో మెల్లగా వంచి చూసి, ములుకుల్లోంచి ఒకటి తీశాడు, పెట్టాడు, ఇంకొకటి తీశాడు.

"వెతుకుడు అవసరం లేదు బాపూ" అన్నాను. "అన్నీ ఒక్కటే. కండ్లు మూసుకొని తియ్యి."

"ములుకులు ఒక్కటే బిడ్డా. గడలు ఒక్కటి గావు గద."

"గడలు మీరిచ్చినయే గద."

ఆయన చేతిలోని ములికిని కింద పెట్టేశాడు. నేనే కూర్చొని, ఏది చేతికొస్తే ఆ గడకు ములికి దిగ్గొట్టి, నార చుట్టి, లక్క పూశాను. తయారైన బాణాలను బాపు ఒక్కొక్కటి తీసి చూపుడు వేలు మీద అడ్డంగా నిలబెట్టి చూశాడు. కొన్ని ముందుకు పడ్డాయి, కొన్ని వెనక్కి. రెండు నిలబడ్డాయి. అన్నీ తిరిగి నా ముందు పెట్టాడు. నా పనితనం చూసి మాట రాలేదనుకున్నాను.

పండుగ ముందు రాత్రి అన్నం దగ్గర నేను నిరుటి ఫిర్యాదు చెప్పాను. నన్ను వరుస చివర నిలబెట్టారని, నాకు ఒక్క అవకాశమే వచ్చిందని, అదే వాగు దగ్గర నిలబెడితే ఈ పాటికి కథ వేరే ఉండేదని. వాగు ఇరుకుగా మళ్లే చోటు వేటకు అన్నిటికన్నా మంచి చోటు. తరిమితే ఏదైనా అటే వస్తుంది. అక్కడ వేట పెద్ద నిలబడాలి. బాపు అన్నం కలుపుతూ, "సరే తియ్. ఈసారి సారు నిలబడుతడు" అన్నాడు.

బయటికొచ్చాక అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, మా నాయినకు కండ్ల పొర వచ్చింది. వచ్చే ఏడు అడివికి రానని అన్నడు. ఇగ ఇదే ఆకరు."

"మరి చెప్పాలె గద ముందు."

"నువ్వు మాట్లాడుతుంటివి సారూ."

నేను అప్పుడే వెనక్కి తగ్గాల్సింది. తగ్గలేదు. ఏడాది పాటు తూచిన పన్నెండు గ్రాములు చేతిలో ఉన్నాయి. పైగా ఆ చోటు ఇస్తున్నది ఆయన. నేనేం లాక్కోలేదు. అట్లా అనుకున్నాను.

తెల్లారి వాగు మలుపులో మద్ది చెట్టు చాటున నిలబడ్డాను. నా వెనక పది అడుగుల దూరంలో బాపు, చేతిలో విల్లు లేకుండా, గొంతుకూర్చొని ఉన్నాడు. అవతల కేకలు మొదలయ్యాయి. ఆకులు కదిలాయి. చెవులపిల్లి వచ్చి, నా ముందు ఇరవై అడుగుల్లో, ఇసుక మీద ఆగింది. నిరుటిదేనని ప్రమాణం చేసి చెప్పగలను. ఆ చూపు నాకు తెలుసు.

బాణం వదిలాను. అది సన్న గడ. పన్నెండు గ్రాములు ముందు వేలాడుతుంటే పాములా మెలికలు తిరిగి, కుడివైపు ఎక్కడో పుట్టలో దిగింది. ఎంత దూరంగా పోయిందంటే, అది తన కోసమేనని చెవులపిల్లికి అనుమానం కూడా రాలేదు. రెండోది తీశాను. లావు గడ. అది ఎడమవైపు పోయి వాగు గట్టుకు తగిలింది. మూడోది నేను విడిచేలోపే ఇసుక మీద ఏమీ లేదు. వెనక బాపు మెడ చాచి, "తాకిందా బిడ్డా?" అన్నాడు. ఆయనకు కనపడలేదు.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్క పిట్ట దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు పుట్ట దగ్గర ఆగాం. నా బాణం పీకుతూ బాపు, "నిరుటి ములుకులు ఏంజేసినవ్?" అని అడిగాడు.

నేను జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాను. రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ విప్పి, వాటి తేడా చదివి వినిపిద్దామని తెచ్చుకున్నాను. ఇప్పుడు చదివే ఓపిక లేదు. కాగితాలు విప్పి మూడూ ఆయన అరచేతిలో పోశాను.

"గడలేయి?"

నేను ఖాళీ కాగితాలు మడత పెట్టాను.

"గడలేయి సారూ?" అన్నాడు అన్న కూడా.

"పొయ్యిల పెట్టిన."

బాపు వేలితో ములుకులను కదిపాడు. ఆయనకు కోపం రాలేదు. ఆ మూడు గడలు కొట్టి, అటక మీద రెండు చలికాలాలు పొగకు ఆరబెట్టి, ఒక్కోదానికి సరిపోయే ములికి కొట్టించాడని అన్నే చెప్పాడు. ఆ ఏడు మంచివి ఆ మూడే ఉంటే, కొత్తగా వచ్చినవాడని నాకిచ్చాడట. తిట్టినా బాగుండేది. తిట్టును రాసి పెట్టుకునేవాణ్ని. ఆయన బీడీ ముట్టించుకొని, అదే అగ్గిపుల్లతో లక్క వేడిచేసి, నా సన్న గడ నుంచి పన్నెండు గ్రాములది ఊడదీసి, ఎనిమిది గ్రాములది దించాడు. వేలు మీద అడ్డంగా పెట్టాడు. నిలబడింది.

"కొట్టు" అన్నాడు, పుట్ట వైపు చూపించి.

పుట్ట మీద తెల్లటి మచ్చ ఒకటి చూసుకొని కొట్టాను. బాణం దారం లాగినట్టు పోయింది. అటు ఊగలేదు, ఇటు ఊగలేదు. మచ్చకు సరిగ్గా బెత్తెడు పైన దిగింది.

అన్న నవ్వాపుకోలేకపోయాడు. "నిరుడు గూడ గింతే ఎత్తుకు కొట్టినవ్ సారూ! చెయ్యి పైకి లేస్తది నీకు, విడిచేటప్పుడు. బాణం మంచిదే."

బాణం నేను చూపించిన చోటికే పోయింది. రెండేండ్లుగా నేను చూపించిందే తప్పు. ఈ మాట ఎవరి మీద రాయాలి? జేబులో బామ్మర్ది చిట్టీ ఇంకా ఉంది. దాన్ని తీసి బాపు బీడీ ఆరిపోతే ముట్టించుకోవడానికి ఇచ్చాను.

ఊరి మొదట్లో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముందు అవ్వ, పక్కన గాబులో పచ్చగా కలిపిన నీళ్లు. డప్పు లేదని దూరం నుంచే చూసి కేకలు మొదలుపెట్టారు. మొదట బాపు పోయి తల వంచి నిలబడ్డాడు. అవ్వ వాళ్ల భాషలో ఏదో అంది, అందరూ గొల్లుమన్నారు. చెంబు నిండా ముంచి పోసింది. మళ్లీ ముంచి పోసింది. కండ్ల నుంచి నీళ్లు తుడుచుకుంటూ ఆయన కూడా నవ్వుతున్నాడు. ఆయన ఆఖరి వేట అది. ఆ చోటు ఆయనది, ఆ రెండు చెంబులు నావి.

తర్వాత అన్న మీద, తర్వాత ఒక్కొక్కరి మీద. నేను వరుసలో నిలబడి కండ్లు మూసుకున్నాను. ఈసారి తెల్ల చొక్కా వేసుకొచ్చాను, డప్పులతో వస్తాను కదా అని. ఏమీ పడలేదు. కండ్లు తెరిస్తే అవ్వ నన్ను దాటి పక్కవాడి మీద పోస్తున్నది.

"అవ్వా, నన్ను మరిచిపోయినవ్."

"మరువలే సారూ. నువ్వు పో, కాళ్లు కడుక్కో. అన్నం పెడుత."

"మరి పొయ్యవా?"

"నిరుడు పోస్తే ఏడాది దాక అలిగినవట గద. నా కొడుకు చెప్పిండు. మనకెందుకు, సారుకు పొయ్యద్దని అందరికి చెప్పిన."

మిగతావాళ్లంతా పచ్చగా కారుతూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ బోరింగు వైపు పోతున్నారు. నేను ఒక్కణ్ని పొడిగా, ఇస్త్రీ మడతతో నిలబడ్డాను. ఏడాదంతా కోరుకున్నది సరిగ్గా ఇదే. ఆ ఘనపూర్ కానిస్టేబుల్ నా చేతిలో మూట పెట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంది, అంతకన్నా అన్యాయంగా ఉంది.

"ఇది న్యాయం కాదు అవ్వా" అన్నాను. "రెండుసార్లు తప్పిందే నేను. బాపు చోటు తీసుకున్నది నేను. అందరికి పోసి నాకు పొయ్యకపోతే ఎట్ల?"

"పోస్తే లొల్లి, పొయ్యకుంటే లొల్లి! నీళ్లు అయిపోయినయ్ సారూ, ఇగ పో."

గాబులోకి చూశాను. నిజంగానే అయిపోయాయి. నేను బోరింగు దగ్గరికి పోయి, పచ్చటి మనుషులను పక్కకు జరిపి ఒక బకెట్ నింపుకొచ్చాను. పశువుల కొట్టంలోంచి దోసిలి నిండా పెండ తెచ్చి అందులో వేశాను. కొంచెం ఎక్కువైందనిపించి మళ్లీ సగం తీశాను. కట్టెతో కలిపి, బకెట్ తీసుకుపోయి అవ్వ ముందు పెట్టాను. గూడెం అంతా చుట్టూ చేరింది. బాపు కూడా గొంగడి కప్పుకొని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

అవ్వ బకెట్‌లో వేలు ముంచి చూసింది. "కలుపుడు గూడ రాదు నీకు. నీళ్లోలె ఉన్నది" అంది. కొట్టం వైపు పోయి, చూడకుండానే చేతికొచ్చినంత పెండ తెచ్చి, రెండుసార్లు తిప్పింది. కట్టె పైకి తీసి, కారే తీరు చూసి, "ఇగో, ఇట్లుండాలె" అంది.

నేను తల వంచాను. చల్లగా, చిక్కగా, చెవుల వెనక నుంచి కాలర్ లోపలికి దిగింది. అందరూ నవ్వారు. నిరుటికన్నా ఎక్కువ నవ్వారో తక్కువ నవ్వారో ఈసారి లెక్క పెట్టలేకపోయాను, నా నవ్వు కూడా అందులో కలిసింది.

కండ్లు తుడుచుకొని చూస్తే, అవ్వ చెంబు గాబు మీద బోర్లించి లోపలికి పోతున్నది. బాపు మీద రెండు చెంబులు పోసింది. నా మీద ఒక్కటే. బకెట్‌లో ఇంకా సగం ఉంది.